సైలెన్సర్లు తొక్కించారు సరే, అమ్మినవాళ్ల సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, కుర్రాళ్ల బండ్లకున్న మోత సైలెన్సర్లను పోలీసులు ఊడబీకి వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తున్న ఫోటో వేశారు. పక్కన తలలు దించుకుని నిలబడ్డ కుర్రాళ్లు, వెనక పోలీసు సిబ్బంది. రెండు రోజులు పోయాక అదే ఫోటో మీద ఒక పెద్దాయన ఉత్తరం రాస్తూ సైలెన్సర్లు కాదు, బండ్లే రోలర్ కింద పెట్టాలి, కన్నవాళ్లను కూడా స్టేషన్‌కి పిలిపించాలి అన్నారు. ఆయన కోపం నాకు అర్థమైంది. మా వీధి చివర కాలేజీ ఉంది, పరీక్షల రోజుల్లో రాత్రి పదకొండింటికి ఆ ఫట్‌ఫట్ మోతకి పసిపిల్లలు ఉలిక్కిపడి లేవడం నేనూ చూస్తున్నాను. కాబట్టి ఆ మోతను వెనకేసుకురావడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఫోటోలో నిలబడాల్సిన వాళ్లలో సగం మంది లేరు, అదీ నా గొడవ. కాస్త పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నేను తెనాలిలో సెకండ్ హ్యాండ్ బండ్లు కొని అమ్ముతాను. మా వైపు ఆటో కన్సల్టెన్సీ అంటారు. కొత్త బండి కొన్నప్పటి సంబరం షోరూమ్ వాళ్లు చూస్తారు, కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, పెద్ద తాళం చెవి బొమ్మ చేతికిచ్చి ఫోటో తీసి పంపిస్తారు. అదే బండిని అమ్ముకోవడానికి వచ్చినప్పటి మొహం చూసేది మేము. ఆ మొహాల్లో నాకు బాగా గుర్తుండిపోయేవి ఎక్కువగా ఎక్స్‌ట్రా ఫిట్టింగ్స్ చేయించిన బండ్ల వాళ్లవే.

మొన్న సంక్రాంతికి ముందు కొల్లిపర వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. కుర్రాడు గుంటూరులో ఏదో ఫైనాన్స్ ఆఫీసులో పని చేస్తాడు, బండి 350 సీసీ, కొని రెండేళ్లు దాటింది. సి బుక్కులో రంగు నలుపు అని ఉంది, షాపు ముందు ఆగింది మాత్రం మిలిటరీ ఆకుపచ్చ బండి. హ్యాండిల్ మార్చేసి భుజాలంత ఎత్తుకి లేపారు, వెనక కారు టైరంత టైరు, వెనక మడ్‌గార్డ్ సగానికి కోసేశారు, శారీ గార్డ్ లేదు, సీటు ఒక్కరికే. సైలెన్సర్ సంగతి చెప్పక్కర్లేదు, సెంటర్ దాటకముందే వస్తున్నారని తెలిసిపోయింది. మీటరు మీద ఒక మూల చిన్న నల్ల స్టిక్కర్ ఉంటే గోటితో గీకాను, దాని కింద పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలుగుతూ ఉంది. ఇదేంటి బాబూ అంటే "అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటదన్నా, సైలెన్సర్ వేసినాయన ఏం కాదు, స్టిక్కర్ వేసుకోమన్నాడు" అన్నాడు. బండి స్టార్ట్ చేసి నిలబెట్టి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాను, నేను ఎక్సిలేటర్ ముట్టుకోకుండానే రేసు దానంతటదే పెరిగింది. హ్యాండిల్ ఎత్తు పెంచినవాడు కేబుల్ పొడుగు పెంచలేదు, తిప్పినప్పుడల్లా అది లాగేస్తోంది. సందు మలుపులో ఆ కుర్రాడు ఇంతవరకు గోడకి కొట్టకుండా ఉన్నాడంటే అదృష్టమే.

సీటు తీస్తే లోపల ఇంకో కథ. ఫాగ్ లైట్లకీ, ఆ జిగేల్ జిగేల్‌మనే ఇండికేటర్లకీ, చెవులు పగిలే హారన్‌కీ కంపెనీ వైరింగ్‌ని బ్లేడుతో గీరి, తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఎక్కువ కరెంటుని విడిగా పంపే రిలే లేదు, వేరే ఫ్యూజ్ లేదు. ఒక చోట టేపు కరిగి జిగురు కారి పక్క వైరుకి అంటుకుంది. వేసవిలో బళ్లు నిలబడినవి నిలబడినట్టు అంటుకున్నాయని వార్తలొస్తే జనం పెట్రోలు లీకు అనుకుంటారు, నేను మాత్రం ముందు సీటు కింద టేపు ఎంత చుట్టారో అడుగుతాను.

తండ్రి ఇదంతా చూస్తూ కూర్చుని, చివరికి అన్నాడు: "బాబూ, వీడు దీని మీద ఇంకో డెబ్భై వేలు పెట్టాడంట. అది కూడా కలిపి ఓ మాట చెప్పు."

"బాబాయ్ గారూ, ఆ డెబ్భై వేలు కలపడం కాదు, దాన్ని తీసెయ్యడానికయ్యే ఖర్చు తగ్గించుకుని చెప్పాలి నేను" అన్నాను. ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు ఫోన్ వైపు చూశాడు. అదే ఏడాది మోడల్, అదే బండి, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉంటే ఒక లక్షా యాభై దాకా ఇచ్చేవాణ్ణి. దీనికి లక్షా ఇరవై చెప్పాను, అది కూడా పాత సైలెన్సర్, పాత హ్యాండిల్, పాత సీటు తెచ్చిస్తేనే అన్నాను. అవేవీ లేవు. హ్యాండిల్, సీటు ఎవరికో ఇచ్చేశాడట. సైలెన్సరేమో కొత్తది వేసిన షాపాయనే "పాతది ఇచ్చేయ్, వెయ్యి తగ్గిస్తా" అన్నాడట.

ఇక్కడ మీ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి, చాలా మందికి తెలియదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒకటి ఆ గొట్టాల్లోనే ఉంటుంది. దాని లోపల పూతగా వేసేది ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలు. కొంచెమే ఉంటాయి, కానీ వాటి ధర బంగారంతో పోల్చుకోవాల్సిన ధర. పాత సైలెన్సర్ మీద వెయ్యి తగ్గిస్తానని అన్నాయన దానం చేయలేదన్నమాట. అదే సెట్ మళ్లీ కంపెనీ కౌంటర్‌లో కొనాలంటే కుర్రాడి నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది. ఇంజిన్ లైట్ ఎందుకు వెలుగుతుందో కూడా ఇందులోనే ఉంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి పెట్రోలు ఎంత కొట్టాలో చెప్పే సెన్సర్ ఒకటుంటుంది, గొట్టం మారిస్తే దాని లెక్క తప్పుతుంది, అది లైటు వేసి మొత్తుకుంటుంది. మనవాళ్లు దాని నోటికి స్టిక్కర్ వేస్తారు.

అసలు ఈ సైలెన్సర్ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకో అభిప్రాయం ఉంది. మద్రాసులో 1950ల నుంచి బుల్లెట్ తయారవుతోంది. పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ మా నాన్న తరం వాళ్లకి తెలుసు, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేది, ఎస్సై గారిదో మోతుబరిదో బండి ఊళ్లోకొస్తే మైలు దూరం నుంచి తెలిసేది. ఆ దడ్ దడ్ అనేది సైలెన్సర్ ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), లోపల బరువైన ఫ్లైవీలు, నిదానంగా తిరిగే ఇంజిన్, అందుకని ఒక్కో దెబ్బ విడివిడిగా వినపడేది. 2020 చివర్లో వచ్చిన 349 సీసీ ఇంజిన్ వేరే. అందులో అదురు తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. బండి సాఫీగా పోతుంది, నడుం నొప్పి రాదు, నాలుగు గంటలు తోలినా చేతులు తిమ్మిరెక్కవు. కానీ మన కుర్రాళ్లకి "పాత సౌండ్ లేదు" అని ఒకటే దిగులు. ఆ దిగులు మీద ఎంత వ్యాపారం నడుస్తోందో మీరు విజయవాడ ఆటోనగర్‌లో అరగంట నిలబడితే చాలు. కొత్త ఇంజిన్‌కి ఏ గొట్టం తగిలించినా పాత ఇంజిన్ అవ్వదు, మోత మాత్రమే పెరుగుతుంది. ఈ ముక్క సైలెన్సర్ అమ్మేవాడికి బ్రహ్మాండంగా తెలుసు. చెప్పడు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకీ సి బుక్కులో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ అని ఒక సెక్షన్ తెచ్చారు. అందులో యజమాని తన బండిని చట్టం ఒప్పుకోని రీతిలో మారిస్తే ఒక్కో మార్పుకి అయిదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఒక్కో మార్పుకి, గమనించండి. మోత, పొగ ప్రమాణాలు తప్పితే 190వ సెక్షన్ వేరే ఉంది, మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్ తయారయ్యేటప్పుడే 80 డెసిబెల్స్ దాటకూడదని పర్యావరణ నియమాల్లో ఉంది. ఇవన్నీ తోలేవాడి మెడకి చుట్టుకునేవి.

మరి అమ్మేవాడికి? అదే 182ఎలో విడిభాగాలు అమ్మేవాళ్ల మీద కూడా ఒక క్లాజు ఉంది, ఏడాది జైలు లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా అని చాలా ఘనంగా రాశారు. కానీ అది కేంద్రం "కీలక భద్రతా భాగం" అని నోటిఫై చేసిన వాటికే. బజారులో పైకి వేలాడదీసి అమ్మే మోత సైలెన్సర్ విషయంలో ఆ క్లాజు పట్టుకుని కేసు పెట్టాలంటే పెట్టేవాళ్లకే సందేహం. పైగా షాపు వాడి దగ్గర ఒక మంత్రం ఉంటుంది, డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "రోడ్డు మీద వాడకానికి కాదు, రేసింగ్‌కి మాత్రమే" అని ఇంగ్లిష్‌లో అచ్చేస్తారు. తెనాలిలో రేసింగ్ ట్రాకు ఎక్కడుందండీ? మంగళగిరిలో ఉందా? ఆ డబ్బా కొనేవాడు రేపల్లె రోడ్డు మీద తోలడానికి కొంటున్నాడని అమ్మేవాడికి తెలీదా? బిగించేది కూడా ఆ షాపు ముందే, రోడ్డు మీదే, బిగించగానే ఒకసారి రేస్ ఇచ్చి వినిపించేది కూడా అక్కడే. ఆ షాపుల బోర్డుల మీద ఫోన్ నంబర్లు ఉంటాయి, ఆన్‌లైన్‌లో అయితే రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తాయి, రీల్స్ చేసేవాళ్లు చెవి దగ్గర ఫోన్ పెట్టి సౌండ్ వినిపించి లింకు ఇస్తారు. ఇంత బాహాటంగా నడిచే దాన్ని వదిలేసి చెక్‌పోస్టు దగ్గర పిల్లాడి బండి గొట్టం ఊడబీకితే అది తొక్కిన సాయంత్రానికే ఇంకో గొట్టం కొనుక్కుంటాడు. రోలర్ తొక్కిన ప్రతి సైలెన్సర్‌కీ షాపు వాడికి ఇంకో బేరం.

అప్పుడప్పుడు మెకానిక్‌లను పిలిచి కౌన్సెలింగ్ ఇస్తుంటారు, కాదనను. కానీ అక్కడికి వచ్చేది రోజు కూలికి పని చేసే మెకానిక్ కుర్రాళ్లు. హోల్‌సేల్‌గా ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి పెట్టెలు దింపుకునేవాళ్లు ఆ మీటింగులకి రారు.

షోరూమ్‌ల గురించి కూడా ఒక మాట అనాలి. ఏ కంపెనీ అని అనను, ఎందుకంటే తీరు అన్నిచోట్లా ఒకటే. బండి బుక్ చేసేటప్పుడే యాక్సెసరీస్ లిస్టు చేతిలో పెడతారు. కంపెనీ సొంతంగా అమ్మేవి వారంటీకి ఇబ్బంది లేనివే కావచ్చు, నేను కాదనడం లేదు. కానీ బయట వేయించుకుంటే ఏమవుతుందని అడిగిన కుర్రాడికి "మా దగ్గర వద్దు, బయట వేయించుకోండి, సర్వీసింగ్‌కి వచ్చేటప్పుడు మాత్రం పాతది తగిలించుకు రండి" అని సలహా చెప్పే సేల్స్ కుర్రాళ్లు ఉన్నారు, నా షాపుకి వచ్చినవాళ్లు చాలామంది ఇదే మాట చెప్పారు. వారంటీ ఎక్కడ పోతుందో, ఏ వైరు కోస్తే పోతుందో ఆ రోజే ఒక్క కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే చచ్చిపోతారా? ఫైనాన్స్ కాగితాల మీద మాత్రం ఎన్ని సంతకాలు పెట్టించుకుంటారో లెక్క ఉండదు.

ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఇంకా పెద్దది. బండి విలువ లెక్క కట్టేది కంపెనీ అమ్మకం ధర మీద, ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30 శాతం తరుగు తీసేసి. మీరు పైన పెట్టిన డెబ్భై వేలు ఆ లెక్కలో ఎక్కడా ఉండవు, ముందే చెప్పి, ప్రీమియం కట్టి, పాలసీలో రాయించుకుంటే తప్ప. అలా రాయించుకున్న కుర్రాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. బండి పోయినా గుద్దినా సర్వేయర్ వస్తాడు, వైరింగ్ కోసిందీ, ఫోర్కులు మార్చిందీ ఫోటోలు తీసుకుంటాడు, ఆ తర్వాత వచ్చే ఉత్తరం భాష మీకు తెలిసిందే. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి ఒక చక్రం సైజు మారిస్తే రెండు చక్రాల వేగం పోల్చి చూసుకునే ఆ యంత్రానికి తిక్క పుడుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, ప్రాణం కాపాడటానికి. దాని డబ్బు బండి ధరలో మనమే కట్టాం. కట్టి, లావు టైరు కోసం దాన్ని పాడు చేసుకుంటున్నాం.

శారీ గార్డ్ గురించి మాట్లాడితే కుర్రాళ్లు నవ్వుతారు. లుక్ పోతుందట. వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే స్టాండు, చక్రం సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ రూలు ఉంది. మన ఊళ్లలో అమ్మలూ అత్తలూ ఇప్పటికీ ఒక పక్కకే కూర్చుంటారు. చీర కొంగో చున్నీయో చక్రంలో పడితే ఏమవుతుందో తెనాలి, గుంటూరు ఆసుపత్రుల్లో పని చేసే ఏ నర్సునైనా అడగండి. నేను కొన్న బండికి శారీ గార్డ్ లేకపోతే నా సొంత డబ్బుతో బిగించాకే అమ్ముతాను, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, అది లేని బండి సంసారులెవరూ కొనరు.

రంగు మార్చడం, చాసిస్‌కి పౌడర్ కోటింగ్ చేయించడం ఇంకో తలనొప్పి. రంగు మార్చితే రవాణా శాఖలో చెప్పి సి బుక్కులో మార్పించుకోవాలి, ఫైనాన్స్‌లో ఉన్న బండి అయితే వాళ్ల కాగితం కూడా కావాలి. ఎవరూ చేయించుకోరు. పౌడర్ కోటింగ్ వేసేవాడు చాసిస్ నంబరు మీద టేపు వేయడం మర్చిపోతే నంబరు పూడుకుపోతుంది. తర్వాత ట్రాన్స్‌ఫర్‌కి పోతే అది దొంగ బండేమో అన్నట్టు చూస్తారు, ఫామ్ 29, 30 చేతిలో పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాల్సింది కొన్నవాడు, తిట్లు తినాల్సింది నేను.

ఇదంతా చదివి వీడు బండికి మేకు కూడా కొట్టనివ్వడు అనుకోకండి. క్రాష్ గార్డ్, నడుం నొప్పి లేని సీటు, ఫోన్ పెట్టుకునే స్టాండు, మంచి టైర్లు, ఇవన్నీ అవసరమే. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లను ముచ్చటగా బాగు చేయించుకునే వాళ్లంటే నాకు గౌరవం కూడా ఉంది. వాటి బేరం చూస్తే మిగతా కుర్రాళ్లకి ఒక సంగతి తెలుస్తుంది, అందులో కంపెనీ మీటరు, కంపెనీ ట్యాంకు, కంపెనీ సైలెన్సర్ ఉన్న బండికి ఎంత చెబితే అంత. రంగులు మార్చి, ట్యాంకు మార్చి, గొట్టం కోసినదాన్ని సగం ధరకు అడుగుతారు. ముప్ఫై ఏళ్ల నాటి బండికి విలువ తెచ్చింది ఎవరూ చెయ్యి పెట్టకపోవడమే.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు కొన్నవాళ్లు ఇప్పటికే కొంచెం చిన్నబుచ్చుకుని ఉన్నారు, ఎందుకంటే కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధర కూడా దిగుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. 350 దాటిన వాటి మీద 40 శాతం అయింది, అందుకని 350 లోపు బండ్ల షోరూముల్లో జనం బాగా పెరిగారు. అంటే వచ్చే రెండేళ్లలో నా షాపు ముందుకి ఆకుపచ్చ రంగులూ ఎత్తు హ్యాండిళ్లూ ఇంకా ఎక్కువగా వస్తాయి. వ్యాపారిగా నాకు అది లాభమే, తక్కువకి కొంటాను కాబట్టి. అయినా రాస్తున్నాను.

కొల్లిపర కుర్రాడి దగ్గరికి వస్తే, ఆ తండ్రి బేరం ఆడలేదు. కొడుకుని మాత్రం ఒక్క ప్రశ్న వేశాడు, "ఆ డెబ్భై వేలు ఎక్కడివిరా?" అని. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టాడట, ఇంకా సగం ఉంది. బండి ఫైనాన్స్ తీర్చి, బండి నాకు అప్పజెప్పి, బస్సెక్కి పోయాక కూడా ఆ సైలెన్సర్ వాయిదా మాత్రం ప్రతి నెలా ఇద్దరిలో ఎవరో ఒకరు కడుతూనే ఉండాలి. ఎందుకు చేయించావు బాబూ అని నేను ఊరికే అడిగాను. ఆఫీసులో అందరూ బావుందన్నారన్నా, ఒక నెల బావుంది, తర్వాత ప్రతి ట్రాఫిక్ పాయింట్ దగ్గరా టెన్షనే, పోలీసులు కనపడితే బండి ఆపి నెట్టుకుంటూ పోయేవాణ్ణి అన్నాడు. రెండున్నర లక్షల దాకా పెట్టి కొన్న బండిని నెట్టుకుంటూ! వాడి చెవులకి కూడా ఆ మోత సరిపడలేదట, హెల్మెట్ లోపల దూది పెట్టుకునేవాణ్ణి అన్నాడు.

కాబట్టి మీ ద్వారా పోలీసు, రవాణా అధికారులకి నా విన్నపం ఇది. సైలెన్సర్ పట్టుకున్న రోజున ఆ కుర్రాణ్ణి జరిమానాతో పాటు ఒక్క ప్రశ్న అడగండి, ఎక్కడ కొన్నావు, బిల్లు ఏది అని. చాలా వరకు బిల్లు ఉండదు. బిల్లు లేని సరుకంటే అది రవాణా శాఖ పని మాత్రమే కాదు, వాణిజ్య పన్నుల వాళ్ల పని కూడా. వాళ్లు ఒక్కసారి ఆ షాపుల్లో స్టాకు లెక్క చూస్తే రోలర్ అవసరం చాలా తగ్గుతుంది. సైలెన్సర్, ఫాగ్ లైట్, హారన్ అమ్మేవాళ్లు బిల్లు మీద "దీన్ని రోడ్డు మీద తోలే బండికి వాడితే సెక్షన్ 182ఎ కింద జరిమానా" అని తెలుగులో, బిల్లులోని మిగతా అక్షరాలంత సైజులో, రాసి కొనేవాడి సంతకం తీసుకోవాలని రూలు పెట్టండి. మందు సీసా మీద రాస్తున్నాం కదా. 182ఎలో ఉన్న ఆ "కీలక భద్రతా భాగాల" జాబితాలోకి సైలెన్సర్ లాంటివి తేవడమో, వాటికి వేరే క్లాజు పెట్టడమో కేంద్రం చేయాల్సిన పని, మన ఎంపీలు అడగొచ్చు, వాళ్ల అబ్బాయిల బండ్లు చూసి అడగడానికి మొహమాటపడకపోతే.

ఉత్తరం రాసిన పెద్దాయనకి నా మనవి, కన్నవాళ్లను స్టేషన్‌కి పిలిపించమన్నారు, ఆ డెబ్భై వేలు అప్పు అన్న సంగతే ఆ తండ్రికి నా షాపులో కూర్చున్నాక తెలిసింది. ఆయన్ని పిలిచి ఏం అడుగుతారు? పిలిపించేట్టయితే డబ్బు తీసుకున్నవాణ్ణి కూడా పిలిపించండి, పక్కపక్కన కూర్చోబెట్టండి.

కొత్తగా బండి కొనబోతున్న తమ్ముళ్లకి ఒక్కటి. మార్చాలని చెయ్యి లాగుతుంటే ఆర్నెల్లు ఆగి చూడండి, అప్పటికీ కావాలంటే వైరు కోయకుండా, ప్లగ్గులా పెట్టి తీసే కప్లర్‌తో బిగేవి మాత్రమే వేయించుకోండి, ఊడదీసిన ప్రతి కంపెనీ ముక్కనీ గోనెసంచిలో కట్టి అటక మీద వేయండి. ముఖ్యంగా ఆ సైలెన్సర్ వెయ్యి రూపాయలకి ఎవరికీ ఇవ్వకండి.

మీ పేపర్ వాళ్లకీ ఒకటి. మళ్లీ రోలర్ ఫోటో వేసేటప్పుడు, వీలైతే దాని పక్కనే ఆ సైలెన్సర్లు వేలాడదీసి అమ్ముతున్న బజారు ఫోటో కూడా వేయండి. అది తీయడానికి మీ ఫోటోగ్రాఫర్ పెద్ద దూరం వెళ్లక్కర్లేదు.

ఇట్లు,
ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారి,
తెనాలి